తలుపెవరు తీస్తారప్పా?

పోయిన వారం మా ఫ్యాక్టరీకి ఒక ఇన్సూరెన్స్ ఏజెంటు వచ్చాడు. హిందూపురం పారిశ్రామికవాడలో చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీ మాది. కాలర్లు వంకర పోయాయో లేదో చూడటం నా ఉద్యోగం. ఏజెంటు నా వయసు అడిగాడు. ముప్పై నాలుగు అన్నాను. ఆయన మొహం వెలిగింది. సిగరెట్టు లేదు, మందు లేదు, షుగరు లేదు అన్నకొద్దీ వెలుగు పెరుగుతూ పోయింది.

"ఇంతకు ముందు పెద్ద జబ్బేమన్నా చేసిందా సార్?"

"మూడేళ్ళ కింద గుండెపోటు వచ్చింది."

ఆయన పెన్నుకు మూత పెట్టాడు. చప్పుడు కాకుండా, చావింటి ముందు చెప్పులు విడిచినంత మర్యాదగా పెట్టాడు. నేను ఊరుకోక, "నేను ఇంకెన్నేళ్ళు ఉంటానని మీ లెక్క?" అని అడిగాను. "అట్లాంటివి మేం చెప్పకూడదు సార్" అని, నా వెనక కూర్చున్న షుగరు, బీపీ ఉన్న యాభై ఏళ్ళాయన దగ్గరికి ఆనందంగా వెళ్ళిపోయాడు.

నాకు తెలిసి ఆ లెక్క మొహం మీదే చెప్పేసే మనిషి ఒక్కడే ఉండేవాడు. ఆయన ఏజెంటూ కాదు, డాక్టరూ కాదు. ధర్మవరంలో పట్టుచీరలు నేసేవాడు.

ఆయన్ని మొదట చూసింది ఆసుపత్రిలో, పక్క మంచం మీద. పుట్టపర్తి వైపు ఒక పెద్దాసుపత్రి గుండె వార్డు అది. గ్యాసు అనుకొని రెండు సోడాలు తాగి, మూడో సోడా కొట్టించుకుంటూ బజారులో పడిపోయి అక్కడికి చేరినవాణ్ణి నేను. గోలీ సోడా చప్పుడుకే గుండె ఆగిందని మా ఫ్యాక్టరీలో ఇప్పటికీ చెప్పుకుంటారు. మూసుకుపోయిన రక్తనాళంలో స్టెంటు అనే చిన్న లోహపు గొట్టం పెట్టి వార్డుకు పంపారు. మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది. మా నాయన అగళి దగ్గర గొర్రెలు మేపుతాడు. వచ్చాడు, చూశాడు, రెండో రోజు "గొర్రెల్ని ఎవరు చూస్తార్రా?" అని వెళ్ళిపోయాడు. నేను తప్పు పట్టను. వాటికి స్టెంట్లు వేసేవాళ్ళు ఎవరూ లేరు.

పక్క మంచం మనిషికి ముప్పై ఎనిమిదేళ్ళు ఉంటాయి. సన్నం. ఆయన కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ ఎప్పుడూ ఒకదాన్నొకటి రాసుకుంటూ ఉండేవి. ముక్కుపొడి అలవాటేమో, ఇక్కడ దొరక్క అల్లాడుతున్నాడేమో అనుకున్నాను. తర్వాత తెలిసింది, మగ్గం మీద తెగిన పట్టుపోగును అతికేటప్పుడు అట్లా నలపాలట. ఇరవై ఏళ్ళు నలిపిన వేళ్ళు పోగు లేకపోయినా నలుపుతూనే ఉన్నాయి. ఏదైనా ఆలోచిస్తే ఆ నలపటం వేగమయ్యేది. తేల్చి చెప్పే ముందు ఆగిపోయేది.

ఆ వార్డులో నలభై ఏళ్ళలోపు వాళ్ళం నలుగురం ఒకే వరసలో పడ్డాం. పెద్ద నర్సమ్మ మా వరసను 'చిన్నపిల్లల వార్డు' అనేది. ఒక కుర్ర డాక్టరు రోజూ కాగితం పట్టుకొని వచ్చి మాకు మార్కులు వేసేవాడు. వయసుకు ఇన్ని, బీపీకి ఇన్ని, మూత్రపిండాలకు ఇన్ని, గుండె కొట్టుకునే బలానికి ఇన్ని. ఎవరు కోలుకుంటారో, ఎవరికి మళ్ళీ వస్తుందో ఆ మొత్తం చూసి చెప్పొచ్చట. ఎంత తక్కువ మార్కులు వస్తే అంత మంచిది. మా స్కూల్లో ఈ పద్ధతి ఉండి ఉంటే నేను కలెక్టరు అయ్యేవాణ్ణి.

"మీ నలుగురికీ వయసే పెద్ద బలం" అన్నాడు డాక్టరు.

"అంత బలముంటే ఈడికెట్ల వస్తిమి సార్?" అన్నాడు పక్క మంచం.

డాక్టరు నవ్వాడు. ఈయన నవ్వలేదు. వేళ్ళు నలుపుతూ కాగితం వైపు మెడ చాచాడు. "సార్, దాంట్లో వయసుండాది, రక్తముండాది. తలుపు యాడుండాది?"

"ఏం తలుపు?"

"ఈడ్నుంచి ఇంటికి పోతే తలుపెవరు తీస్తారని. అది రాయల్ల కదా."

"అది వైద్యం కిందికి రాదు" అని చెప్పి డాక్టరు నా బీపీ చూసుకున్నాడు. ఎక్కువుందన్నాడు. తలుపు గురించి విన్నందుకు పెరిగిందని నేను చెప్పలేదు.

ఆ రోజు నుంచి మా వార్డులో రెండు లెక్కలు నడిచాయి. పెనుకొండ లారీ డ్రైవరు ఒకడుండేవాడు, ఇరవై తొమ్మిదేళ్ళవాడు. మార్కుల్లో మా అందరికన్నా అధ్వాన్నం. గుండె సగం బలంతో కూడా కొట్టుకోవటం లేదన్నారు. వాడు మాత్రం పూట పూటకూ సాంబారులో ఉప్పు లేదని వంటవాళ్ళను తిట్టేవాడు. పక్క మంచం మా వాడు రెండు రోజులు చూసి, "ఏమప్పా, ఇంటికి పోతే నీకు తలుపెవరు తీస్తారు?" అని అడిగాడు.

"మా యమ్మ, నా పెండ్లాం, నా కూతురు. హారన్ ఇంటే ముగ్గురూ ఒకేసారి ఉరుకుతారు. ఎవురు ముందని కొట్లాట."

వేళ్ళు ఆగిపోయాయి. "లేస్తావు పో" అన్నాడు. ఆ డ్రైవరు ఇప్పటికీ లారీ తోలుతున్నాడు. దాబాల్లో ఉప్పు తక్కువ తింటున్నాడని నమ్మకంగా తెలిసింది.

నాలుగో వాడు బుక్కపట్నం కాంట్రాక్టరు. మంచి మార్కులు. చూడటానికి వచ్చేవాళ్ళ వరస చూస్తే ఎన్నికల ప్రచారం అనుకుంటారు. ఆపిళ్ళు పెట్టటానికి చోటు చాలక నా మంచం కింద కూడా పెట్టేవాళ్ళు. నాకు అభ్యంతరం లేదు, నేను తినేవాణ్ణి. ఈయనకేం, దర్జాగా లేస్తాడు అన్నాను. మా వాడు తల అడ్డంగా ఊపాడు.

"ఇంతమంది ఉంటే మాత్ర ఎవరిస్తారప్పా? తమ్ముడిచ్చినాడులే అని వదిన అనుకుంటాది. వదిన ఇచ్చింటాదిలే అని తమ్ముడు. ఈయప్ప మల్లా వస్తాడు."

నాలుగు నెలలకు ఆ కాంట్రాక్టరు అదే వార్డుకు మళ్ళీ వచ్చాడు. ఈసారి వెంట భార్య ఒక్కతే వచ్చిందని తెలిసి, "ఇప్పుడు బాగైతాడు" అన్నాడు మా వాడు. అదీ జరిగింది. నేను ఈ శాస్త్రాన్ని నమ్మేవాణ్ణి కాదు. అయితే వాతావరణ శాఖ కన్నా నయమని ఒప్పుకున్నాను.

ఇక నా సంగతి తేలాలి. ఎన్నాళ్ళున్నా నా మంచం వైపు తిరిగి ఏమీ చెప్పడు. డిశ్చార్జి రోజు చొక్కా గుండీలు పెట్టుకుంటూ నేనే అడిగాను.

"నాకు చెప్పవేంటన్నా? నేను లేస్తానా, పోతానా?"

"నీకు తలుపెవరు తీస్తారు?"

"తాళంచెవి తీస్తాది."

జోకు బాగానే ఉందని నా నమ్మకం. నేను హిందూపురంలో మేడ మీద ఒంటిగది అద్దెకు తీసుకొని ఉంటాను. తాళంచెవి మాట విన్న వాళ్ళెవరైనా కనీసం ఒక చిరునవ్వు నవ్వుతారు. ఆయన వేళ్ళు మాత్రం నలుగుతూనే ఉన్నాయి, ఆగలేదు. అంటే తేలలేదని అర్థం.

"మరి నీకెవరు తీస్తారన్నా?"

"కదిరిలో ఉంటారు" అన్నాడు.

ఆయన భార్య, కూతురు కదిరిలో ఉంటారని దాని అర్థం. ఎందుకు ఉంటారో, ఎన్నాళ్ళనుంచి ఉంటున్నారో నాకు చివరిదాకా తెలియదు. ఆయన జీవితచరిత్ర మొత్తం ఆ రెండు మాటలే. అడిగితే అవే రెండు మాటలు మళ్ళీ చెప్పేవాడు.

బయటికి వచ్చి బస్సు కోసం నిలబడ్డప్పుడు నా ఫోను లాక్కొని తన నంబరు ఎక్కించాడు; నాది వార్డులో ఉన్నప్పుడే అడిగి తీసుకున్నాడు. "పొద్దున ఎనిమిదికి మిస్డ్ కాల్ ఇస్తా. మాత్రలు ఏసుకొని నువ్వు మల్లా ఇయ్యల్ల."

"ఇప్పుడు ఎంతసేపు మాట్లాడినా ఉచితమే కదన్నా. ఎత్తితే ఏమైతాది?"

"ఎత్తితే నువ్వు జోకులేస్తావు. మాత్ర మర్చిపోతావు."

మరుసటి రోజు ఎనిమిదికి ఫోను రెండు సార్లు మోగి ఆగింది. మాత్రలు వేసుకున్నాను. తిరిగి రెండు రింగులు ఇచ్చాను. ఇట్లా దాదాపు ఏడాది నడిచింది. పండగ లేదు, ఆదివారం లేదు. ఒకసారి నేను మాత్రలు వేసుకోకుండానే మిస్డ్ కాల్ ఇచ్చి పడుకున్నాను. పది నిమిషాలకు ఫోను మోగింది, ఈసారి ఆగలేదు. ఎత్తాను.

"ఇంత బిరీన ఎట్ల ఇస్తివి? నీళ్ళు తాగే టైము కూడా కాలేదే. ఏసుకో, లెయ్."

లేచి వేసుకున్నాను. మా అమ్మ పోయిన తర్వాత నన్ను మంచం మీంచి లేపిన మనిషి ఆయనే. అదొక పెద్ద విషయంగా అప్పుడు అనిపించలేదు. నిద్ర చెడిందని విసుక్కున్నాను.

నెలకొకసారి కలిసేవాళ్ళం. ఆయన ధర్మవరంలో రైలెక్కేవాడు, నేను హిందూపురంలో ఎక్కేవాణ్ణి, ఇద్దరం పెనుకొండలో దిగేవాళ్ళం. పెనుకొండ మధ్యలో ఉంటుంది కాబట్టి ఎవరికీ అన్యాయం లేదు. కలిసేది మాత్రం అమావాస్యనాడే. నేతగాళ్ళకు ఆదివారం సెలవు కాదు, అమావాస్యనాడు మగ్గం ఎక్కరు. నేను ప్రతి అమావాస్యకూ లీవు పెడుతుంటే మా మేనేజరు కొన్నాళ్ళు ఓపిక పట్టి, "ఏమప్పా, మంత్రాలేమన్నా నేర్చుకుంటాండావా?" అని అడిగాడు. గుండె పేషెంటుతో వాకింగు అని చెప్పాను. మంత్రాలన్నా నమ్మేవాడేమో.

పెనుకొండలో కొండ మీద పెద్ద కోట ఉంది. మేం దాన్ని ఎక్కకూడదు. డాక్టర్లు చెప్పింది చదునుగా అరగంట నడక. అందుకని కొండ చుట్టూ కింది రోడ్డు మీద నడిచేవాళ్ళం, మిఠాయి కొట్టు ముందు షుగరు వాళ్ళు నడిచినట్టు. నడక అయ్యాక చక్కెర లేని టీ. టీ తాగుతూ ఆయన రోడ్డు మీద పోయేవాళ్ళకు జోస్యాలు చెప్పేవాడు.

"ఆ తెల్ల చొక్కాయప్ప చూడు. ఎదురొచ్చినోల్లందరినీ పలకరిస్తాండాడు. ఈయప్పకొస్తే రోడ్డు మింద పడడు, ఎవరో ఒకరు పట్టుకుంటారు."

"మరి ఆ హెల్మెట్ వాడు?"

"ఫోనులో మాట్లాడతాండాడు గానీ మొగం చూడు. అవతల బ్యాంకోల్లు ఉండల్ల. కష్టం."

నాకు తలుపు తీసే మనిషిని తెచ్చే ప్రయత్నం కూడా ఆయన చేశాడు. ధర్మవరంలో తెలిసినవాళ్ళ పిల్ల ఉందట. వాళ్ళ నాయనతో మాట్లాడి వచ్చి, టీ గ్లాసు పక్కన పెట్టి నాకు చెప్పాడు.

"అబద్దం చెప్పకూడదు కదా. పిల్లోడు బంగారం, లోపల రోంత ఇనుముండాది అంతే అని చెప్తిని."

"ఏమన్నారు?"

"ఆలోచించి చెప్తామన్నారు."

వాళ్ళింకా ఆలోచిస్తూనే ఉండి ఉంటారు. నేను పగలబడి నవ్వాను. ఆయన రెండు నెలలు బాధపడ్డాడు. నాకు రావలసిన బాధ కూడా ఆయనే పడుతుంటే ఇంకెందుకులే అని నేను ఊరుకున్నాను.

అట్లాంటి ఒక అమావాస్యనాడు తిరుగు రైలు ఆలస్యమై, టీ కొట్టు బెంచీ మీదే మధ్యాహ్నం అయింది. నాకు అన్నం తర్వాత ఒక మాత్ర ఉంటుంది. జేబులోంచి తీసి వేసుకున్నాను. ఆయనకూ అదే మాత్ర. తీయలేదు.

"నీదేదన్నా?"

"ఈపొద్దు సెలవు కదప్పా."

"గుండెకు కూడా అమావాస్య సెలవిచ్చినావా?"

"ఇయ్యల్ల కదా. మగ్గం ఆడనప్పుడు నూనెందుకు?"

నేను ఆ రోజు నవ్వినంత నవ్వు ఎప్పుడూ నవ్వలేదు. టీ కొట్టాయన కూడా తొంగి చూశాడు. ఇన్ని నెలలుగా నా జోకులకు నవ్వని మనిషి చివరికి తానే ఒక జోకు వేశాడని సంతోషపడ్డాను. మా సావాసం ఫలించిందనుకున్నాను. ఫ్యాక్టరీకి వెళ్ళి అది నలుగురికి చెప్పాను కూడా. అందరూ నవ్వారు. ఆయన మొహంలో నవ్వు ఉందా లేదా అని నేను వెనక్కి తిరిగి చూసుకుంది చాలా రోజుల తర్వాత. లేదు.

ఆషాఢం వచ్చింది. పెళ్ళిళ్ళు లేవు కాబట్టి పట్టుచీరలు అడిగేవాళ్ళు లేరు. దాని వెనకే మూఢం అన్నారు. పట్టు ఇచ్చి నేయించుకునే సావుకారు మగ్గం మీద నిలువుగా సాగదీసే పోగులు, కొత్త పడుగు, ఇవ్వలేదు. మగ్గం ఖాళీగా పడింది.

"ఏం చేస్తాండావన్నా?" అని ఫోనులో అడిగితే, "ఏముండాది? కూచోనుండా" అనేవాడు. మిస్డ్ కాల్ మాత్రం ఎనిమిదికి ఎనిమిదే. మోగుతున్నంత కాలం అంతా సరిగా ఉన్నట్టే కదా అని నా లెక్క. ఆయన మాత్ర వేసుకొని మోగిస్తున్నాడు, నేను వేసుకొని తిరిగి మోగిస్తున్నాను, ఇద్దరికీ న్యాయంగా ఉంది అనుకున్నాను.

ఆ నెల అమావాస్యకు పెనుకొండ వచ్చాడు. కొండ కింది రోడ్డు మీద అర కిలోమీటరులో మూడు సార్లు ఆగాడు.

"ఏమన్నా?"

"ఏం లేదు. కొండ చూస్తాండా."

ఆ కొండ అంతకు ముందు కూడా అక్కడే ఉంది. ఆయన ఒక్కసారీ తలెత్తి చూడలేదు. నేను మాత్రం, "టికెట్టు లేకుండా ఎంతసేపైనా చూడొచ్చన్నా" అన్నాను. నా నోటికి మాట దొరికితే కళ్ళు మూసుకుపోతాయి. రైలెక్కేటప్పుడు ఆయన మెట్టు మీద ఒక క్షణం నిలబడి నా భుజం పట్టుకున్నాడు. ఆసరాకే పట్టుకున్నాడు. నేను ఆప్యాయత అనుకున్నాను.

తర్వాత పది రోజులకేమో, ఎనిమిదయింది, ఫోను మోగలేదు. చార్జింగు అయిపోయి ఉంటుందనుకున్నాను. ఎనిమిదింపావు. ధర్మవరంలో కరెంటు పోయిందనుకున్నాను. ఎనిమిదిన్నరకు నేనే చేశాను. మోగి మోగి ఆగింది. మళ్ళీ చేశాను. ఫ్యాక్టరీకి ఫోను చేసి లీవు చెప్పాను. "ఈపొద్దు అమావాస్య కాదు కదప్పా" అన్నాడు మేనేజరు. కాదన్నాను. రైలెక్కాక పెనుకొండ స్టేషను వచ్చింది. నేను దిగకుండా ముందుకు పోవటం అదే మొదటిసారి.

ఆయన ఇల్లు నేనెప్పుడూ చూడలేదు. నేతగాళ్ళ వీధిలో అడుగుతూ పోతే ఎవరూ నోటితో చెప్పలేదు, చెయ్యి మాత్రం చూపించారు. అప్పటికే అర్థమైంది. ఇంటి ముందు నలుగురు నిలబడి ఉన్నారు. అరుగు మీద పక్కింటి అవ్వ కూర్చొని ఉంది. తెల్లవారాక ఆయన మగ్గం దగ్గర పడి ఉంటే ఆమే చూసిందట. ఆసుపత్రికి తీసుకుపోయేసరికి లేడు.

"నువ్వు హిందూపురం పిల్లోడివా?" అంది నన్ను చూసి.

"అవునవ్వా."

"కూచో నాయనా. తలుపు తీసే ఉన్నింది. ఆసుపత్రి నుంచి వచ్చినప్పట్నుంచి గొల్లెం పెట్టేటోడే కాదు."

లోపలికి వెళ్ళాను. ఒకటే గది, అందులో సగం మగ్గం. పడుగు లేని మగ్గాన్ని అంతకు ముందు నేను చూడలేదు. ఇంత కొయ్యా ఖాళీగా నిలబడి ఉంటుందని తెలియదు. పక్కన అట్టపెట్టెలో ఆయన మందులు ఉన్నాయి. చిందరవందరగా లేవు. రకానికొక కట్ట, ప్రతి కట్టకూ రబ్బరు బ్యాండు. ఒక్క మాత్ర కూడా తీయని అట్టలు. చేత్తో పట్టుకుంటే మందంగా తగిలాయి.

"ఇవి వేసుకోలేదా అవ్వా?"

"పని ఉన్న దినాలు తప్పకుండా ఏసుకునేటోడు నాయనా. మగ్గం ఆగినప్పట్నుంచి ఏసుకోలేదు. ఏంటికిరా అంటే, ఉత్తగా కూచున్నోనికి మందెందుకవ్వా, మగ్గం ఆడినప్పుడు పనికొస్తాయిలే, దాచిపెడతా అనె."

ఆయన జోకు వేయలేదు. ఎప్పుడూ వేయలేదు. స్టెంటు పెట్టినవాడు రక్తం గడ్డకట్టకుండా ఆ మాత్రలు ఒక్క రోజు కూడా ఆపకూడదని మా ఇద్దరికీ ఒకే గదిలో, ఒకే డాక్టరు, రెండు సార్లు చెప్పాడు. నేను విన్నది మాత్ర గురించి. ఆయన విన్నది మగ్గం గురించి. పని చేసేదానికే నూనె పెట్టాలని ఇరవై ఏళ్ళుగా తెలిసిన మనిషి ఆయన.

"మరి పొద్దున్నే నాకు ఫోను చేసేవాడు కదవ్వా, మాత్ర ఏసుకున్నట్టు?"

అవ్వ నా వైపు వింతగా చూసింది. "వానిది కాదు నాయనా, నీది. హిందూపురం పిల్లోనికి ఎవురూ లేరవ్వా, లేపకపోతే మందు మర్చిపోతాడు అని పొద్దున్నే ఫోను పట్టుకొని కూచునేటోడు. నీది మల్లా మోగేదాకా కాఫీ గూడా తాగేటోడు కాదు. మోగినంక, ఏసుకున్యాడవ్వా అని నాకు చెప్పేటోడు. నాకేంటికిరా ఈ కత అనేదాన్ని."

ఏడాది పాటు మేమిద్దరం ఒకరి తలుపు ఒకరు తీసుకుంటున్నామని నేను అనుకున్నాను. ఒక వైపే తీసి ఉంది. నేను వేసిన రెండు రింగులకు అర్థం 'నేను వేసుకున్నాను' అనే. 'నువ్వు వేసుకున్నావా?' అని నేను ఒక్కసారీ అడగలేదు. అడిగిన ఒక్కసారి, టీ కొట్టు బెంచీ మీద, సమాధానం విని కడుపు పట్టుకొని నవ్వాను.

కదిరి నుంచి భార్య, కూతురు బస్సులో వచ్చారు. ఆమె ఏడవలేదు, లోపలికి వెళ్ళి మగ్గం మీద దుమ్ము కొంగుతో తుడిచింది. కాసేపటికి బయటికి వచ్చి, గోడకానుకొని నిలబడ్డ నన్ను చూసి, "పొద్దున్నుంచి ఏమన్నా తింటిరా?" అని అడిగింది. తినలేదని చెప్పాను. అన్నీ అయ్యేదాకా ఉన్నాను. ఎవరో నన్ను సావుకారు మనిషి అనుకొని పక్కన చోటివ్వలేదు. ఇంకెవరో బంధువు అనుకొని నీళ్ళకు పంపారు. రెండో వాళ్ళే నయం.

మూడు నెలల తర్వాత, ఫ్యాక్టరీలో కాలర్లు చూస్తుండగా ఫోను వచ్చింది. ఆసుపత్రి నుంచి ఒక అమ్మాయి.

"సార్, నలభై ఏళ్ళలోపు గుండెపోటు వచ్చిన పేషెంట్లు ఇప్పుడు ఎట్లా ఉన్నారో కనుక్కుంటున్నాం. రెండు నిమిషాలు మాట్లాడొచ్చా?"

"బాగున్నానమ్మా" అన్నాను.

"మీరు కాదు సార్" అని ఆమె ఆయన పేరు చెప్పింది. డిశ్చార్జి కాగితాల్లో ఇంటివాళ్ళ నంబరు రాయమన్న చోట నాది రాశాడట.

మిషన్ల చప్పుడు వినపడకుండా గోదాములోకి నడిచాను. ఆయన లేడని చెప్పాను. ఆమె సారీ సార్ అని, మళ్ళీ ప్రశ్నలు మొదలుపెట్టింది.

"మందులు క్రమంగా వాడేవారా సార్? అవును, కాదు, తెలియదు."

"మగ్గం ఆడిన రోజుల్లో వాడినాడమ్మా."

"అట్లా లేదు సార్. మూడే ఉన్నాయి."

"కాదు అని పెట్టు."

"మీరు పేషెంటుకు ఏమవుతారు?"

పక్క మంచం అని చెప్పబోయాను. నోటి దాకా వచ్చింది.

"తమ్ముణ్ణి."

"ఇంటిపేరు వేరే ఉంది సార్ ఇక్కడ."

"ఇంటిపేరు వేరేనమ్మా. జబ్బు ఒకటే."

ఆమె నవ్వలేదు. రాసుకుంటున్న చప్పుడు వినిపించింది. "మీ వయసెంత సార్?"

"ముప్పై రెండు."

"తోడబుట్టిన వాళ్ళకు చిన్న వయసులో గుండెపోటు వస్తే మీకూ వచ్చే అవకాశం ఎక్కువ ఉంటుంది సార్" అంది. ఆ మాట ఆమె కాగితంలో ఉన్నదే అయినా చాలా మెల్లగా, నిజంగా నా గురించే దిగులు పడుతున్నట్టు చెప్పింది. "ఒకసారి వచ్చి చూపించుకోండి. వెంట ఇంట్లో వాళ్ళనెవరినైనా తీసుకురండి."

"అట్లనేనమ్మా" అన్నాను.